పన్ను పోయినా పాచి పోలేదు

మా బావగారు (పెద్దక్కయ్య భర్త) ఆరేళ్ళ కిందట కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేయించుకున్నారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత దానికే పోయింది. ఇక జన్మలో పంటి బాధ లేదని అప్పట్లో అందరికీ చెప్పుకున్నారు. పోయినేడు ఒకరోజు జంతిక కొరుకుతుంటే వాటిలో ఒకటి క్యాపుతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. నొప్పి లేదు. రక్తం కూడా పెద్దగా రాలేదు. వేసిన క్లినిక్కి వెళ్తే "మీ ఒంటికి పడలేదండీ, కొందరికి అంతే" అన్నారట. మా అక్కయ్య మాత్రం "వద్దంటే వినకుండా అమావాస్య పూట వేయించుకున్నారు" అంది. ఇంకో బంధువు, ఒంట్లో ఇనుము పెట్టుకుంటే వేడి చెయ్యదా అన్నాడు. (అది ఇనుము కాదు, టైటానియం. అయినా ఆ వాదనకి లోహంతో పని లేదు.)

అమావాస్య సంగతి వదిలెయ్యండి. నాకు ఎక్కువ చికాకు కలిగించింది డాక్టరుగారి మాటే. ఐదేళ్ళ పాటు హాయిగా పడిన వస్తువు ఆరో ఏట ఎందుకు పడకుండా పోయింది? "పడలేదు" అన్నమాట కారణంలా వినిపిస్తుంది గానీ, అందులో కారణం లేదు. నేను బావగారిని మూడే ప్రశ్నలు అడిగాను. అసలు పళ్ళు ఎందుకు పోయాయి? "పయోరియా, చీము కారేది." ఇంప్లాంట్లు వేశాక మళ్ళీ ఎప్పుడైనా చూపించుకున్నారా? "ఎందుకూ? నొప్పి లేదుగా." దాని చుట్టూ శుభ్రం చేసేవారా? "అదేమన్నా పన్నా, పుచ్చడానికి?"

నిజమే, టైటానియం పుచ్చదు. కానీ పుచ్చు వేరు, చిగుళ్ళ జబ్బు వేరు. పుచ్చు పంటిని తింటుంది. చిగుళ్ళ జబ్బు పన్నుని ముట్టుకోకుండా దాని కింద నేలని తవ్వేస్తుంది. ఇంప్లాంటు చుట్టూ వచ్చేది ఈ రెండో రకం. దీనికి రెండు దశలున్నాయి. చుట్టూ ఉన్న చిగురు మాత్రమే వాచి, తాకితే రక్తం కారుతుంటే దాన్ని పెరి ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అంటారు. ఆ వాపు లోపలికి దిగి దవడ ఎముక కరగడం మొదలైతే అది పెరి ఇంప్లాంటైటిస్. మొదటిది శుభ్రం చేస్తే వెనక్కి మళ్ళుతుంది. రెండో దశలో కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు. ఈ నాలుగు ముక్కలూ తెలుసుకోడానికి మనిషికి ఎంతకాలం పట్టిందో, ఎవరి నోళ్ళలో చూసి తెలుసుకున్నాడో చెప్పడమే ఈ వ్యాసం పని. ఇంప్లాంట్ల చరిత్ర చిన్నదే. చిగుళ్ళ జబ్బు చరిత్ర తెలియకపోతే మాత్రం అది అర్థం కాదు.

పళ్ళలో పురుగు ఉంటుందన్న నమ్మకం బహుశా పంటి నొప్పి అంత పాతది. మెసపొటేమియా మట్టి పలకల మీద ఒక మంత్రం దొరికింది. అందులో పురుగు దేవుణ్ణి తిండి అడుగుతుంది. పళ్ళూ ఫలాలూ ఇస్తానంటే వద్దని, మనిషి పంటికీ చిగురుకీ మధ్య చోటు కావాలంటుంది. చోటు మాత్రం సరిగ్గానే ఎంచుకుందని ఒప్పుకోవాలి. మన సుశ్రుతసంహిత పంటి మొదళ్ళకి వచ్చే జబ్బులని పదిహేను లెక్కపెట్టింది. వాటిలో "శీతాదం" లక్షణాలు చూస్తే, కారణం లేకుండా చిగుళ్ళనుంచి రక్తం కారడం, దుర్వాసన, చిగుళ్ళు మెత్తబడి నల్లబడటం. "ఉపకుశం"లో పళ్ళు కదలడం కూడా ఉంది. ఈ రోజు ఏ పళ్ళ డాక్టరు చూసినా గుర్తుపట్టే వర్ణన అది. చూసినవాడి కన్ను మంచిదే. కారణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కఫం, రక్తం దూషితం కావడమని చెప్పి ఊరుకున్నారు. కంటికి కనిపించేంత వరకు ఒప్పు, కనిపించని చోట ఊహ. అప్పటి పనిముట్లతో అంతకంటే ముందుకు పోవడం సాధ్యం కాదు కూడా.

నా చిన్నప్పుడు సంతలో పంటి పురుగు తీసేవాళ్ళు ఉండేవారు. నేలములక గింజలు నిప్పుల మీద వేసి గొట్టంతో నోట్లోకి పొగ పట్టించి, నీళ్ళ గిన్నెలో "పురుగు"ని చూపించేవారు. ఐరోపాలో ఇదే పని ఖురాసాని వాము గింజలతో చేసేవారు. వేడికి గింజ పగిలి, లోపలి మొలక తెల్లగా, వంకరగా బయటపడి అచ్చం పురుగులాగే ఉంటుంది. ఫ్రెంచి దంతవైద్యుడు పియేర్ ఫొషార్ 1728లో అచ్చేసిన తన పుస్తకంలో, ఎంత వెతికినా తనకు పురుగు కనబడలేదని రాశాడు. 1757లో జర్మనీలో షేఫర్ అనే చర్చి పాస్టరు గింజ గుట్టు బయటపెడుతూ ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. (పాస్టరు గారైనంత మాత్రాన పరీక్షించి చూడకూడదని ఎక్కడా లేదు!)

పురుగు లేదు సరే, మరి ఏముంది? దానికి జవాబు అప్పటికే ఒకాయన చూసి ఉన్నాడు. 1683 సెప్టెంబరు 17న హాలండ్‌లోని డెల్ఫ్ట్ నుంచి లేవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. తాను రోజూ ఉప్పుతో పళ్ళు తోముకుంటాననీ, అయినా పళ్ళ సందుల్లో తెల్లటి పదార్థం మిగిలిపోతోందనీ, దాన్ని తన భూతద్దం కింద పెడితే చకచకా కదిలే ప్రాణులు కనబడ్డాయనీ అందులో రాశాడు. జన్మలో పళ్ళు తోమని ఒక ముసలాయన నోట్లోంచి తీసిన పదార్థంలో అవి మరీ ఎక్కువగా ఉన్నాయట. ఆ తెల్లటి పదార్థాన్నే మనం "పాచి" అంటాం. పొద్దున్నే లేవగానే పాచిపళ్ళతో కాఫీ తాగొద్దని మన అమ్మలు తిట్టేది దీని గురించే. సూక్ష్మజీవుల్ని మనిషి మొట్టమొదట చూసిన చోట్లలో తన నోరు ఒకటి. చూశాడు గానీ, చిగురు వాపుకీ వాటికీ సంబంధం ఉందని నిరూపించడానికి ఇంకో 282 ఏళ్ళు పట్టింది.

అంత ఆలస్యం ఎందుకయిందంటే, మధ్యలో సగం నిజాలు చాలా అడ్డొచ్చాయి. 1890లో విల్లోబి మిల్లర్ నోటి సూక్ష్మజీవుల మీద పెద్ద పుస్తకం రాశాడు. క్షయకీ కలరాకీ దొరికినట్టు పయోరియాకీ ఒక్క క్రిమి దొరుకుతుందని జనం ఎదురుచూశారు. 1914, 15 సంవత్సరాల్లో అమెరికాలో కొందరు ఆ క్రిమి దొరికిందన్నారు. అది ఒక అమీబా. రోగులకి ఎమిటిన్ సూదిమందు పొడిచారు. తీరా చూస్తే ఆ అమీబా ఆరోగ్యంగా ఉన్న నోళ్ళలోనూ ఉంది. దాంతో లోలకం అటు చివరికి పోయింది. వియన్నాలో గాట్లీబ్ వంటి పేరున్న పండితులు కొన్ని నోళ్ళలో ఎముకే తనంతట తాను క్షీణిస్తోందని, లోపం శరీరతత్వంలో ఉందని రాశారు. మామూలు డాక్టర్లయితే వయసు మీద పడితే పళ్ళు ఊడక ఏం చేస్తాయని ఊరుకున్నారు. అంటే ఏమిటన్నమాట? "మీ ఒంటి తత్వం." "ఒంటికి పడలేదు" అన్న మాట ఇంప్లాంట్లు పుట్టకముందే పుట్టింది.

ఈ ముడిని విప్పిన ప్రయోగం ఎంత తేలికైనదంటే, ముందే ఎవరికీ తట్టలేదేమని ఆశ్చర్యం వేస్తుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ దంత వైద్య కళాశాలలో హెరాల్డ్ లో (నార్వే దేశస్తుడు) తన సహచరులతో కలిసి, చిగుళ్ళు శుభ్రంగా ఉన్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానెయ్యమన్నాడు. వాళ్ళలో ఎక్కువమంది ఆ కాలేజీ విద్యార్థులే. పది రోజులనుంచి మూడు వారాల లోపల 12 మందికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోమన్నాడు. వారం పది రోజుల్లో అందరికీ తగ్గింది. అంతే ప్రయోగం. 12 చిన్న సంఖ్యేగా అంటారేమో. కానీ ఇక్కడ ఎవరికి వారే పోలిక. పాచి పెరిగితే జబ్బు వచ్చింది, తీస్తే పోయింది. ఒంటికి పడినవాడు, పడనివాడు అన్న తేడా లేకుండా అందరికీ వచ్చింది, అందరికీ పోయింది. ఒక్క క్రిమి కోసం వెతికిన వాళ్ళకి దొరకనిది గుంపుని మొత్తంగా చూసినవాడికి దొరికింది.

అయితే ఇది సగం జవాబే. చిగురు వాచడం ఒకటి, ఎముక కరిగి పన్ను ఊడటం ఇంకొకటి. మొదటిది రెండోదానికి దారి తీస్తుందా? అందరిలోనూ తీస్తుందా? ఇది తేల్చాలంటే వారాలు చాలవు, ఏళ్ళు కావాలి. పదిహేనేళ్ళు పళ్ళు తోముకోకండని ఏ విద్యార్థికి చెప్పగలరు? అందుకని ఎవరూ చెప్పకుండానే అలా బతుకుతున్న మనుషుల్ని వెతికారు. వాళ్ళు దొరికింది మన పక్కనే, శ్రీలంక తేయాకు తోటల్లో.

ఆ కూలీల పూర్వీకుల్ని పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ తోటల యజమానులు తమిళ ప్రాంతాలనుంచి తీసుకెళ్ళారు. మొదట కాఫీకి, తర్వాత తేయాకుకి. తోటలోనే వరస గదుల్లో కాపురం, తోటలోనే చావు. 1948లో సిలోన్ స్వతంత్ర దేశం కాగానే చేసిన పౌరసత్వ చట్టం వీళ్ళలో అత్యధికుల్ని ఏ దేశానికీ చెందనివాళ్ళుగా మిగిల్చింది. 1964లో శాస్త్రి, సిరిమావో బండారనాయకే వీళ్ళని రెండు దేశాల మధ్య పంచుకునే ఒప్పందం మీద సంతకాలు చేశారు. 1970లో దంత పరిశోధకులు అక్కడికి వెళ్ళేటప్పటికి ఆ పంపకం ఇంకా తెమలలేదు. ఓటు హక్కే లేనివాళ్ళ పళ్ళు ఎవరు చూస్తారు?

రెండు తోటల్లో 480 మంది మగ కూలీల్ని, 14 నుంచి 31 ఏళ్ళ వయసు వాళ్ళని, 1970లో పరీక్షించారు. మళ్ళీ 1971, 73, 77, 82, 85 సంవత్సరాల్లో వెళ్ళి చూశారు. చివరికి మొదటి జాబితాలోవాళ్ళు 161 మంది దొరికారు. వీళ్ళకి పళ్ళు తోముకునే అలవాటు లేదు, దంతవైద్యం అందలేదు. అందరి పళ్ళ మీదా పాచి, గార మందంగా పేరుకుని ఉన్నాయి. దాదాపు అందరి చిగుళ్ళూ వాచి ఉన్నాయి. పుచ్చు దాదాపు లేదు కాబట్టి, ఊడిన పన్ను ప్రతిదీ చిగుళ్ళ జబ్బు వల్ల ఊడినదే అని లెక్క వేయగలిగారు.

1986లో ఫలితాలు అచ్చయ్యాయి. అందరికీ ఒకే పాచి, ఒకే వాపు. జబ్బు మాత్రం మూడు దారులు పట్టింది. సుమారు 8 శాతం మందిలో ఎముక వేగంగా కరిగింది. ఇరవయ్యో ఏటనుంచే పళ్ళు రాలడం మొదలై, 35 ఏళ్ళకి 12 పళ్ళు, 40కి 20 పళ్ళు, 45కి మొత్తం పోయాయి. 81 శాతం మందిలో నెమ్మదిగా కరిగింది. వాళ్ళకి 45 ఏళ్ళకి సగటున ఏడు పళ్ళు పోయాయి. మిగిలిన 11 శాతం మందిలో చిగుళ్ళు వాచి ఉన్నా ఎముక దాదాపు చెక్కుచెదరలేదు. అంటే "ఒంటి తత్వం" అన్నవాళ్ళ మాటలో కూడా ఒక పాలు నిజం ఉంది. ఈ మాట దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. ఎముకని తినేది క్రిములు కావు. క్రిముల మీద యుద్ధానికి దిగిన మన రక్షక కణాలే, ఆ హోరులో ఎముకని కరిగించే కణాల్ని లేపుతాయి. ఆ యుద్ధం ఎంత తీవ్రంగా జరుగుతుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. కానీ నిప్పు పాచిదే. పాచి లేనిచోట ఆ తత్వానికి పని లేదు.

ఈ అధ్యయనం దంతవైద్యం చదివే ప్రతి విద్యార్థికీ పాఠం. 2010లో మళ్ళీ వెళ్ళి, బతికి దొరికిన 75 మందిని పరీక్షించి నలభై ఏళ్ళ లెక్క కూడా తేల్చారు. శాస్త్రానికి ఇది ఎంత విలువైనదో నాకు తెలుసు. అయినా ఆ పేపరు చదివినప్పుడల్లా ఒక చోట ఆగిపోతాను. ఇదే పరిశోధకులు పోలిక కోసం నార్వే రాజధాని ఓస్లోలో 565 మంది చదువుకున్నవాళ్ళని కూడా చూశారు. వాళ్ళకి చిన్నప్పటినుంచీ క్రమం తప్పకుండా పళ్ళ సంరక్షణ అందింది. ఒకవైపు సంరక్షణ అందినవాళ్ళు, ఇంకోవైపు అందనివాళ్ళు. అలా అందనివాళ్ళు ఉండబట్టే మనకి ఈ అంకెలు దక్కాయి. 45 ఏళ్ళకి నోరు బోసిపోయిన మనిషి గ్రాఫులో ఒక చుక్క. ఒక కుంచె, గార తీసే ఒక ఇనప పరికరం ఆ తోటలోకి వచ్చి ఉంటే ఆ చుక్క ఇంకోచోట ఉండేది.

ఇప్పుడు స్వీడన్ వెళ్దాం. అక్కడ ఇంకో కథ, దీనితో సంబంధం లేకుండా నడుస్తోంది. 1950ల మొదట్లో లుండ్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేళ్ళ కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న గది అమర్చి, ఎముక లోపలి రక్త ప్రసారాన్ని సూక్ష్మదర్శినితో చూస్తున్నాడు. పని అయ్యాక ఖరీదైన ఆ పరికరాన్ని తీసి మళ్ళీ వాడుకుందామంటే అది ఊడి రాలేదు. ఎముక దాన్ని అంటుకుని పెరిగిపోయింది. 1965లో (ఆర్హుస్ ప్రయోగం అచ్చయిన ఏడాదే) గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్షన్ అనే ఆయన దవడలో మొదటి టైటానియం మరలు బిగించాడు. పుట్టుకతోనే దవడ లోపం ఉన్న ఆ మనిషి 2006లో చనిపోయేదాకా అవి పనిచేశాయి. అంతకుముందు వేసిన రకరకాల ఇంప్లాంట్ల చుట్టూ ఎముకకి బదులు నారపొర ఏర్పడేది. చాలామంది అదే సహజమనుకునేవారు. లోహానికి ఎముక నేరుగా అంటుకుంటుందంటే చాలాకాలం నమ్మలేదు. 1982 టొరంటో సమావేశం తర్వాతే ప్రపంచం ఒప్పుకుంది. ప్రయోగం చేసి, పదిహేనేళ్ళు ఓపికగా లెక్కలు రాసుకుని, 1981లో అచ్చేసి గెలిచిన మనిషి కాబట్టి బ్రోనెమార్క్ మీద నాకు గౌరవం ఉంది.

కానీ ఆయన గెలుపులోనే ఒక మెలిక ఉంది. ఆయన మొదటి రోగులు ఎక్కువగా పూర్తిగా పళ్ళు లేనివాళ్ళు. పళ్ళు లేకపోతే పళ్ళ చుట్టూ చీము సంచులూ లేవు, వాటిలో దాక్కునే క్రిముల గుంపు చాలావరకు చెదిరిపోతుంది. పైగా వాళ్ళని ఏళ్ళ తరబడి పిలిచి చూశారు. ఆ ఫలితాలు చూసి, ఇంప్లాంటుకి పంటికొచ్చే జబ్బులు రావన్న ధీమా పెరిగింది. తర్వాత ఇంప్లాంట్లు ఊరూరా వెళ్ళాయి. మొత్తం బోసి నోటికి బదులు, ఒకటో రెండో పళ్ళు పోయినచోట, జబ్బు పళ్ళ పక్కనే వెయ్యడం మొదలైంది. అలాంటి పళ్ళు ఎవరికి పోతాయి? తేయాకు తోట లెక్క గుర్తు తెచ్చుకోండి. చిగుళ్ళ జబ్బుతో పళ్ళు పోగొట్టుకుని ఇంప్లాంటు కుర్చీలో కూర్చునేవాడు ఆ 11 శాతంలోంచి రాడు. 8లోంచో 81లోంచో వస్తాడు. పన్ను పీకేశారు సరే, ఆ పన్నుని పోగొట్టిన నోరూ, అలవాటూ, తత్వమూ అక్కడే ఉన్నాయి.

1987లో స్విట్జర్లాండ్‌లో మోంబెల్లి బృందం పాడవుతున్న ఇంప్లాంట్ల చుట్టూ ఉన్న క్రిముల్ని పెంచి చూసింది. బాగున్న ఇంప్లాంట్ల దగ్గర ఒక రకం గుంపు, పాడవుతున్నవాటి దగ్గర పయోరియా పళ్ళ దగ్గరుండే లాంటి గుంపు. 1994లో 20 మందితో ఆర్హుస్ ప్రయోగాన్నే ఇంప్లాంట్ల మీద మళ్ళీ చేశారు. మూడు వారాలు శుభ్రం చెయ్యకపోతే పంటి చుట్టూ చిగురెలా వాచిందో ఇంప్లాంటు చుట్టూ కూడా అలాగే వాచింది. 2012లో ఇంకోసారి చేసినప్పుడు ఇంప్లాంటు వైపు వాపే తీవ్రంగా ఉంది. మళ్ళీ శుభ్రం చేయడం మొదలుపెట్టిన మూడు వారాలకి కూడా చిగురు పూర్తిగా మొదటి స్థితికి రాలేదు.

తేడా ఎక్కడుందో చెప్పాలి. పన్ను ఎముకలో దిగ్గొట్టిన మేకు కాదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నారల పొర ఉంటుంది, ఊయల తాళ్ళలాగా. చిగురు నారలు కూడా పంటి వేరులోకి అడ్డంగా పాతుకుని గట్టి కట్టులా ఉంటాయి. ఆ పొరలోంచి చిగురుకి రక్తం కూడా అందుతుంది. ఇంప్లాంటుకి ఈ పొర లేదు. చిగురు నారలు లోహంలోకి పాతుకోలేవు, దాని పక్కన నిలువుగా పడుకుని ఉంటాయి, చొక్కా చేతికి మడిచిన పట్టీలాగా. రక్త ప్రసారం తక్కువ. ఇవన్నీ 1990ల మొదట్లో గోథెన్‌బర్గ్‌లోనే బెర్గ్లుండ్, లిండే బృందం కుక్కల మీద చూసి రాసినవి. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, పంటి దగ్గర వాచిన భాగానికీ ఎముకకీ మధ్య శరీరం ఆరోగ్యమైన కండతో ఒక గోడ కట్టుకుంటుంది. ఇంప్లాంటు దగ్గర ఆ గోడ సరిగ్గా లేవదు. వాపు నేరుగా ఎముక మజ్జలోకి దిగిపోతుంది. మనుషుల నోళ్ళనుంచి తీసిన ముక్కల్ని పోల్చి 2014లో అచ్చేసిన పరిశీలనలో, ఇంప్లాంటు దగ్గర వాచిన ప్రాంతం పంటి దగ్గరకంటే రెట్టింపుకి పైగా ఉంది.

బావగారికి నొప్పి ఎందుకు లేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. పన్ను చెడేటప్పుడు కదులుతుంది, ముందే హెచ్చరిస్తుంది. ఇంప్లాంటు అడుగున రెండు మరలు ఎముకని పట్టుకుని ఉన్నా బండలా నిలబడుతుంది. చుట్టూ ఎముక గిన్నెలాగా గుంటపడుతున్నా పైకి తెలీదు. ఆఖరి పట్టు వదిలిన రోజున జంతిక చాలు.

జబ్బుని తొందరపెట్టేవి ఇంకా ఉన్నాయి. క్యాపు అతికించే సిమెంటు పొరపాటున చిగురు కిందికి జారి మిగిలిపోతే అది పాచికి మంచి గూడు. ఎముక త్వరగా అంటుకోవాలని ఇంప్లాంటు ఒంటిని కావాలనే గరుకుగా చేస్తారు. ఎముక లోపల ఉన్నంతకాలం ఆ గరుకు మేలే. ఎముక దిగిపోయి మరలు బయటపడితే అదే గరుకులో పాచి తిష్ఠ వేస్తుంది, తీయడం కష్టం. పొగతాగడం, చక్కెర వ్యాధి కూడా కారణాలని అందరూ అంటారు. 2017లో చికాగోలో కూర్చున్న ప్రపంచ నిపుణులు మాత్రం గట్టి ఆధారాలున్నవి మూడేనన్నారు. పాత చిగుళ్ళ జబ్బు, శుభ్రం లేకపోవడం, క్రమంగా చూపించుకోకపోవడం. పొగకీ చక్కెరకీ సాక్ష్యం ఇంకా తేలలేదన్నారు. (అందుకని సిగరెట్టు వెలిగించకండి, మిగతా ఒళ్ళు కూడా ఉంది.)

ఎంతమందికి వస్తుంది? 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మ్యూకోసైటిస్ సుమారు 43 శాతం మందికి, ఎముక కరిగే జబ్బు సుమారు 22 శాతం మందికి ఉందని సగటు తేలింది. విడివిడిగా చూస్తే రెండో అంకె 1నుంచి 47 దాకా ఊగింది. ఇంత ఊగడమేమిటి? ఎంత ఎముక కరిగితే జబ్బు అనాలో ఒక్కొక్కరు ఒక్కో గీత గీసుకున్నారు. 1986లో పెట్టిన విజయ ప్రమాణాల్లో, మొదటి ఏడాది తర్వాత ఏటా 0.2 మిల్లీమీటర్ల లోపు ఎముక తగ్గితే పర్వాలేదన్నారు. ఇక ప్రకటనల్లో కనిపించే "95 శాతం విజయం" చాలాచోట్ల విజయం కాదు, ఊడకుండా నోట్లో ఉండటం. చుట్టూ చీము కారుతున్నా, నిలబడి ఉంటే అది లెక్కలో బతికున్న ఇంప్లాంటే. మా బావగారిది కూడా జంతిక కొరికిన రోజు పొద్దున్నదాకా ఆ 95లోనే ఉంది.

బ్రోనెమార్క్ శిష్యుల్లో ముఖ్యుడైన ఆల్బ్రెక్ట్‌సన్ వంటి వాళ్ళు ఈ పాచి సిద్ధాంతాన్ని పూర్తిగా ఒప్పుకోరన్న సంగతి కూడా చెప్పాలి. టైటానియం ఎంతైనా పరాయి వస్తువేనని, శరీరం దాంతో ఒక సర్దుబాటుకి వచ్చి ఎముకతో చుట్టేస్తుందని, ఆ సర్దుబాటు చెడితే ఎముక కరుగుతుందని, క్రిములు చాలాసార్లు తర్వాత వచ్చి చేరతాయని వాళ్ళ వాదం. ఇది "ఒంటికి పడలేదు" అన్నదానికి పండిత రూపమే, కానీ పరీక్షకి నిలబెట్టదగిన రూపం. నాకు మాత్రం 2012లో బ్రెజిల్‌నుంచి వచ్చిన ఒక లెక్క ముందు అది బలహీనంగా కనిపిస్తుంది. మ్యూకోసైటిస్ ఉన్న 80 మందిని ఐదేళ్ళ తర్వాత చూశారు. క్రమంగా డాక్టరు దగ్గర శుభ్రం చేయించుకున్నవాళ్ళలో 18 శాతం మందికి ఎముక కరిగే దశ వచ్చింది. చేయించుకోనివాళ్ళలో 43.9 శాతం. చీట్లు వేసి పంచిన ప్రయోగం కాదు, కాబట్టి వచ్చేవాళ్ళకీ రానివాళ్ళకీ వేరే తేడాలు ఉండొచ్చు. అయినా అంత తేడాని ఒంటి తత్వం మీదికి తోసెయ్యడం నావల్ల కాదు. అదే సమయంలో, శుభ్రం చేయించుకున్నవాళ్ళలోనూ 18 శాతం మందికి వచ్చిందని మరిచిపోకూడదు.

బావగారికి రెండో ఇంప్లాంటు ఇంకా ఉంది. నేను పోరగా పోరగా ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వచ్చారు. ఆవిడ ముందు ఇంప్లాంటు జోలికి పోలేదు. సన్నటి కొలత పుల్లతో ఆయన సొంత పళ్ళ చుట్టూ ఒక్కొక్కటిగా దింపి చూస్తూ, అంకెలు పక్కనున్న అమ్మాయికి చెబుతూ పోయింది. నాలుగు, ఐదు, ఆరు, రక్తం, ఐదు, రక్తం. అరగంట పట్టింది. ఇంప్లాంటు దగ్గర ఏడు, రక్తం. ఎక్స్‌రేలో మూడు మరలు ఎముక పైకి తేలి ఉన్నాయి. మొదట వేసినప్పుడు తీసిన ఎక్స్‌రే ఉందా అని అడిగింది. పోల్చి చూడటానికి. లేదు, ఎవరూ ఇవ్వలేదు, ఈయనా అడగలేదు. పళ్ళన్నీ నాలుగుసార్లు కూర్చోబెట్టి గార తీసింది. ఇంప్లాంటు నిలుస్తుందో లేదో ఆర్నెల్ల తర్వాత చెబుతాననీ, అవసరమైతే చిగురు తెరిచి శుభ్రం చేయాలనీ, అప్పటికీ పోయిన ఎముక మొత్తం వస్తుందని మాటివ్వలేననీ చెప్పింది.

"ఈ పుల్లతో అక్కడ ఎవరూ కొలవలేదే" అన్నారు బావగారు బయటికొచ్చాక. సందుల్లో తిప్పే చిన్న కుంచెలు మందుల షాపులో కొనుక్కున్నారు. ఇంటికెళ్ళాక అక్కయ్య వాటిని చూసి, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారని అడిగి, కాలెండరు తీసి తిథి చూసింది.